అధికమాసంలో ఆరు రోజులు

వేదవతి టీచరుకి సెలవులిచ్చేది ప్రభుత్వం. ఆవిడ భర్త శివరామ్ గారికి సెలవులిచ్చేది శుక్రుడు. ఈ ఇద్దరు దొరలూ ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఒక్కసారైనా కూడబలుక్కుని ఆ మొగుడూపెళ్ళాలకి ఒకేసారి సెలవిచ్చిన పాపాన పోలేదు.

కొత్తపేటలో పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ పిలిచే పురోహితుల్లో శివరామ్ గారి పేరు ముందుంటుంది. వేదవతి అదే ఊరికి దగ్గర్లో జిల్లా పరిషత్తు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతుంది. వేసవిలో ఆవిడ బడి మూస్తారు, సరిగ్గా అప్పుడే చుట్టుపక్కల కల్యాణమండపాలన్నీ తెరుచుకుంటాయి. శివరామ్ గారు పొద్దున్న ఒక పెళ్ళి, రాత్రి ఒక పెళ్ళి, మధ్యలో ఒక ఉపనయనంతో మనిషి కంటికి కనపడరు. అదే శుక్రుడు కనపడకుండా పోయి మూఢం వచ్చిందంటే ఒక్క ముహూర్తమూ ఉండదు. ఆయన వీధి అరుగు మీద పడక్కుర్చీ వేసుకుని రెండు నెలలపాటు పంచాంగం తిరగేస్తూ కూర్చుంటారు. అప్పుడు ఆవిడ లోపల పరీక్ష పేపర్లు దిద్దుతూ ఉంటుంది. దసరా సెలవుల సంగతి అడక్కండి. నవరాత్రుల్లో పురోహితుణ్ణి ఊరు కదలమన్నవాణ్ణి నేనింకా చూడలేదు.

ఇద్దరూ కలిసి చేసిన ప్రయాణాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తిరుపతి మూడుసార్లు, అన్నవరం ఐదుసార్లు, కాశీ ఒకసారి. కాశీకి వెళ్ళింది మావగారి అస్థికలు కలపడానికి. గంగ ఏ రంగులో ఉందో కూడా వేదవతికి గుర్తులేదు, ఎంతసేపూ తడిబట్టలు పిండడంతోనే సరిపోయింది.

శివరామ్ గారు చెడ్డ మనిషి కాదు. అసలు ఆయన కష్టమంతా మంచితనంతోనే వచ్చింది. ఎవరొచ్చి ఏమడిగినా సరేనన్నట్టు "ఆయ్" అనేస్తారు. ముమ్మిడివరంలో పెళ్ళీ, అదే ముహూర్తానికి రాజోలులో శంకుస్థాపనా ఒప్పుకుని, రెండోదానికి ఎవర్ని పంపాలా అని తల పట్టుకున్న రోజులు ఎన్నో. అయినా ఒక్కసారి ఆయ్ అన్నాక మాట తప్పలేదు. ఆ పేరుంది ఆయనకి. ఇంట్లో మాత్రం ఆ మాట వాడరు. వీధిలోవాళ్ళకి ఆయ్, వేదవతికి "చూద్దాంలే". వంటింటి రేకులు మార్పిద్దామంటే చూద్దాంలే, లంబసింగి వెళ్దామంటే చూద్దాంలే. ఆవిడ కూడా పట్టి అడిగే మనిషి కాదు. ఓ మాట గాల్లోకి వదిలేసి, ఆయన అందుకుంటారేమోనని చూసి, అందుకోకపోతే రెండు రోజులు ముభావంగా ఉండి ఊరుకునేది.

ఆవిడకి విదేశాలు చూడాలన్న పిచ్చి పట్టించింది ఏడో తరగతి పిల్ల. ఇరవై ఏళ్ళకి పైగా వేదవతి బోర్డు మీద సుద్దముక్కతో అంకోర్‌వాట్ గుడి గీస్తోంది. ఐదు శిఖరాలు, చుట్టూ కందకం, పొడుగాటి రాతిదారి. చూడకుండా గీసెయ్యగలదు. ఒకరోజు ముందు బెంచీలో పిల్ల లేచి, "టీచర్, మీరు వెళ్ళి చూసేరా?" అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. "లేదమ్మా" అంటుంటే వేదవతికి సిగ్గేసింది. ఇంటికొచ్చాక కూడా ఆ సిగ్గు పోలేదు. యాభై ఒక్కేళ్ళు వచ్చాయి, ప్రపంచపటంలో వేలు పెట్టి చూపించడమే తప్ప ఒక్క దేశమూ తొక్కలేదు అనుకుంది.

ఆ ఏటి పంచాంగం అచ్చులోంచి ఇంకా రాకముందే, శివరామ్ గారి చేతిరాత లెక్కల్లో ఆవిడ కంటబడింది ఆ సంగతి. వచ్చే జ్యేష్ఠం అధికమాసం. మే పదిహేడు నుంచి జూన్ పదిహేను దాకా. అధికమాసంలో పెళ్ళి లేదు, గృహప్రవేశం లేదు. బడి తెరిచేది జూన్ పన్నెండున. వేదవతి స్కూలు క్యాలెండరు తెచ్చి ఆ కాగితం పక్కన పెట్టి, తేదీ మీద తేదీ పెట్టి రెండుసార్లు చూసింది. క్రితంసారి ఇలా పడ్డప్పుడు మావగారు మంచాన ఉన్నారు. మళ్ళీ పడేది పదకొండేళ్ళకి. అప్పటికి తను రిటైరయ్యే ఏడు. మోకాళ్ళు ఇప్పుడే మెట్లెక్కనంటున్నాయి, అప్పుడు గుడి శిఖరాలెక్కుతాయా?

వేసవి సెలవులు చెప్పుకోడానికి యాభై రోజులు. అందులో శిక్షణ తరగతులు, పదో తరగతి తప్పినవాళ్ళ పరీక్షల డ్యూటీ, కొత్త పిల్లల్ని బడిలో చేర్పించమని వీధులు తిరగడం అన్నీ తీసేస్తే ఆవిడకి మిగిలింది ఎనిమిది రోజులు. ముందో రోజు, వెనకో రోజు పోతే ఆరు. ఆ ఆరు రోజుల్ని వేదవతి పాఠ్యప్రణాళిక నోట్సులో, పీరియడ్ల లెక్కన గళ్ళు గీసి రాసుకుంది. ఆవిడకి వచ్చిన విద్య అదే మరి. వెళ్ళేటప్పుడు కౌలాలంపూరు, అక్కణ్ణించి అంకోర్‌వాట్ ఉండే సియెం రీప్, వచ్చేటప్పుడు సింగపూరు. ఒక్క ఊరికి పోయి రావడానికి అయ్యే ఖర్చులోనే మూడూ చూడొచ్చని, విశాఖపట్నం నుంచే విమానమెక్కితే హైదరాబాదు ఖర్చు తగ్గుతుందని, నెల రోజులు ఫోనుతో కుస్తీపట్టి తేల్చింది. ఏ రోజు ఏ పూట ఎక్కడ, తినడానికి ఏమిటి, ఎదురుగా 'బోధనోపకరణాలు' అన్న గడిలో ఏ కాగితాలు. 'విద్యార్థుల సంఖ్య' అన్న గడిలో 'ఇద్దరు' అని రాసి తనే నవ్వుకుంది.

శివరామ్ గారికి చెబితే "చూద్దాంలే" అన్నారు. కాదనలేదు కదా అని ఆవిడ ముందుకెళ్ళిపోయింది. పాస్‌పోర్టులు తీయించింది. ప్రభుత్వోద్యోగి దేశం దాటాలంటే పైవాళ్ళ అనుమతి కావాలి. ఆ కాగితం ఒక్కో బల్లా దాటి వచ్చేసరికి చలికాలం పోయింది. అందులో మే ఇరవై ఎనిమిది నుంచి జూన్ మూడు దాకా అని తేదీలు స్పష్టంగా వేసి ఉన్నాయి, ఒక రోజు ఇటూ అటూ కుదరదు. టిక్కెట్లూ అంతే, చవగ్గా కొన్నవి. తేదీ మారదు, డబ్బు వెనక్కి రాదు. ఇవన్నీ చూపిస్తే ఆయన కళ్ళజోడు సవరించుకుని, "గురువారమా? బస్సు ఎక్కే వేళకి రాహుకాలమే" అన్నారు. అదే ఆయన ఒప్పుకోవడం.

దానికి విరుగుడు ఆయన దగ్గరే ఉంది. ప్రస్థానం పెట్టడం. బయల్దేరే రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచి ఘడియ చూసి ప్రయాణపు సంచుల్ని వేరేవాళ్ళింట్లో పెడతారు. సంచి గడప దాటిందంటే మనిషి బయల్దేరినట్టే లెక్క. ఆ తర్వాత ఏ వేళకి కదిలినా దోషం లేదు. రెండు షరతులున్నాయి. ఐదు రోజుల్లోపు ప్రయాణం సాగిపోవాలి. సంచి మళ్ళీ ఇంటికి రాకూడదు, అటునుంచి అటే వెళ్ళాలి. ప్రయాణం చెయ్యని సంచి ఇంటికొస్తే అరిష్టం.

ఆదివారం ఉదయం రెండు సంచులూ పక్కింటి ఉమాదేవి గారింటికి చేరాయి. కొబ్బరికాయల వ్యాపారం వాళ్ళది. వేదవతి సంచిలో నాలుగు చీరలు, నోట్సు, పాస్‌పోర్టు. ఆయన సంచిలో పంచెలు, అటుకులు, కందిపొడి, చిన్న కుక్కరు. పైన పసుపుగుడ్డలో అక్షింతలు ముడివేసి కట్టారు. ఉమాదేవి పీట వేసి, దాని మీద సంచుల్ని పెట్టించి, "టీచరుగారండీ, మీరు విమానం ఎక్కుతుంటే నేనే ఎక్కుతున్నట్టుందండి" అంది. ఆ ఒక్క రోజూ వేదవతికి ఇంట్లో నడుస్తున్నా కాలు నేల మీద లేదు.

సోమవారం సాయంత్రం బుల్లబ్బాయి వచ్చాడు. పెద్ద రైతు, ఆ చుట్టుపక్కల కొబ్బరితోటల్లో సగం ఆయనవే. అయినా అరుగు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పంతులుగారండీ, మా అమ్మ ఒకటే పట్టుబట్టిందండి. అధికమాసంలో పున్నమినాడు ముప్ఫై మూడు అప్పాలు కంచుగిన్నెలో పెట్టి దానం ఇయ్యాలంటండి. సంకల్పం మీరే చెప్పాలంట. ఎనభై ఏడండి ఆవిడకి, ఇంకో అధికమాసం చూత్తానో లేదో అంటంది. ఈ ఆదివారమేనండి పున్నమి. మీరు కాదనకూడదు."

"ఆయ్," అన్నారు శివరామ్ గారు. "తప్పకుండానండి. పొద్దున్నే వచ్చేస్తాను."

వేదవతి తలుపు వెనక కాఫీ గ్లాసులతో నిలబడి ఉంది. ఆదివారం పొద్దున్న అంటే నోట్సులో మూడో రోజు, మొదటి పీరియడు, అంకోర్‌వాట్ మీద సూర్యోదయం. ఆవిడ గ్లాసులు బుల్లబ్బాయి ముందు పెట్టింది, పంచదార సరిపోయిందా అని కూడా అడిగింది. బుల్లబ్బాయి వెళ్ళాక గానీ నోరు రాలేదు.

"మరి గురువారం?"

"పెద్దావిడ వేదా. నాకు పాతికేళ్ళప్పుడు మొట్టమొదటి పెళ్ళి చేయించమని పిలిచింది ఆ ఇల్లే. ఆవిడ ఆఖరి కోరిక అంటుంటే కాదని ఎలా అనను? మనం తర్వాత ఎప్పుడైనా వెళ్దాం. చూద్దాంలే."

"ఎప్పుడు? మీ పంచాంగంలో మీరే చూసి చెప్పండి."

ఆయన చూడక్కర్లేదు, ఆయనకి తెలుసు. తల వంచుకుని, "నీకు నేను ఎప్పుడైనా కాదన్నానా?" అన్నారు.

నిజమే, ఆయన ఎన్నడూ కాదనలేదు. కాదంటే పోట్లాడొచ్చు, ఏడవొచ్చు, పుట్టింటికి పోవచ్చు. చూద్దాంలే అన్నవాడితో ఏం పోట్లాడతాం? వేదవతికి ఒళ్ళు మండిపోయింది. అంతకన్నా ఎక్కువ, ఊపిరాడనట్టయింది. ఇల్లు తనది, పెరడు తనది, గేటు గొళ్ళెం లోపలివైపే ఉంది. అయినా ఎటు చూసినా గోడే. పోనీ నువ్వొక్కదానివీ వెళ్ళిరా అన్న మాట ఆయనకి తట్టలేదు. చిత్రమేమిటంటే, ఆవిడకీ తట్టలేదు. ఆ ఇంట్లో ఆడమనిషి ఒంటరిగా రాజమండ్రి వెళ్ళినా ఎవరో ఒకరు బస్సెక్కించి రావాలి. కాదన్నవాళ్ళు లేరు, అసలు ఎవరూ అనుకోలేదు.

మంగళవారం ఉమాదేవి గోడ మీంచి, "సంచులు ఎప్పుడు తీసుకెళతారండీ?" అంది. అప్పుడు పడింది శివరామ్ గారికి అసలు చిక్కు. ప్రయాణం లేదు కాబట్టి సంచులు తెచ్చేసుకోవాలి. ప్రయాణం చెయ్యకుండా సంచులు ఇంటికి రాకూడదు. పెళ్ళాం మొహం చూసి పుట్టని కంగారు ఆ సంచుల్ని తలుచుకుంటే పుట్టింది ఆయనకి. ఆ రోజంతా అటక మీది పుస్తకాలన్నీ దింపి దుమ్ము దులిపారు. బుధవారం మధ్యాహ్నానికి దారి దొరికింది. ఎక్కడో ఒక క్షేత్రానికి వెళ్ళి దర్శనం చేసుకొస్తే ప్రయాణం పూర్తయినట్టే. దగ్గర్లో వాడపల్లి వెంకన్న ఉండనే ఉన్నాడు.

"రేపటితో గడువు అయిపోతుంది. పొద్దున్నే సాలమోను ఆటోలో వెళ్ళొచ్చేద్దాం. నువ్వూ కాస్త తిరిగినట్టుంటుంది," అన్నారు.

మూడు మజిలీల విదేశయాత్ర అలా రావులపాలెం, లొల్ల, వాడపల్లి అయింది. చవకలో చవక, అరపూటలో పూర్తి. ఏమన్నా అంటే వేదవతికి ఏడుపొచ్చేలా ఉంది, ఆటో మాట్లాడ్డానికి పిలిచిన సాలమోను ముందు ఏడవడం ఇష్టంలేదు.

గురువారం ఉదయం ఉమాదేవి గారింటి గడపలోంచే సంచులు ఆటో ఎక్కాయి. వేదవతి తన సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పై అరలో పాస్‌పోర్టు గట్టిగా చేతికి తగులుతూనే ఉంది. కనీసం అదైనా తీసి ఇంట్లో పెట్టాల్సింది, కానీ దర్శనం అయ్యేదాకా సంచి విప్పకూడదుగా. దారిలో లొల్ల కాలవ లాకుల దగ్గర ఆపించి శివరామ్ గారు కొబ్బరిబొండాలు కొట్టించారు. "చూడు, నీళ్ళు ఎంత బాగున్నాయో" అన్నారు. పాపం, ఆయన ఆవిణ్ణి సంతోషపెట్టడానికి నిజంగానే తంటాలు పడుతున్నారు. ఆవిడకి అది తెలుస్తూనే ఉంది, అందుకే ఇంకా కష్టంగా ఉంది. వాడపల్లిలో శనివారాల జనం లేరు, గుడి ఖాళీగా ఉంది. భుజాన సంచులతోనే ప్రదక్షిణ చేశారు. ఉన్న నలుగురూ ఏవేవో మొక్కుకుంటుంటే వేదవతి దేవుడి ముందు చేతులు జోడించి ఊరికే నిలబడింది. ఏం కోరుకోవాలో తెలియలేదు. కోరుకోవడం అలవాటు తప్పిపోయింది.

తిరుగు దారిలో ఒంటిగంట దాటాక రావులపాలెం సెంటర్లో ఆటో ఆగింది. ఆదివారానికి అరటిగెలలు చెప్పాలని శివరామ్ గారు దిగారు. గెలల కొట్టాయన ఆయన్ని చూడగానే లేచి నిలబడి, "పంతులుగారండీ, మా మనవరాలికి పేరు మీరే పెట్టాలండి" అన్నాడు. ఆయ్ అన్నారు. ఈలోగా ఫోను మోగింది. ఎవరో జాతకం చూసి పెట్టమని. ఆయ్. ఫోను పెట్టేసేలోపల అటుగా పోతున్న ఒక మోటారుసైకిలు ఆగి, వచ్చే నెల షాపు ప్రారంభం అంది. దానికీ ఆయ్. ఐదు నిమిషాలు కాలేదు, ముగ్గురు అడిగారు, ముగ్గురికీ దొరికింది.

వేదవతి ఆటోలోంచి చూస్తోంది. ఇరవై నాలుగేళ్ళుగా చూస్తున్నదే, కొత్తేమీ లేదు. కానీ ఆవేళ ఇంకోటి కనపడింది. వాళ్ళంతా ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, మొహం చూసి, ఫలానాది కావాలని అడుగుతున్నారు. తను ఏనాడూ అలా అడగలేదు. గాల్లోకి అంది, కాగితాలు ముందు పెట్టింది, అలిగింది, ముభావంగా తిరిగింది. అడగడం మాత్రం చెయ్యలేదు.

జాతీయరహదారి పక్కన ఎక్స్‌ప్రెస్ బస్సు వచ్చి ఆగింది. అద్దం మీద విశాఖపట్నం అని బోర్డు. కౌలాలంపూరు విమానం రాత్రి పదకొండున్నరకి. ఇప్పుడెక్కితే ఏడింటికల్లా చేరుతుంది. లెక్క ఎప్పుడో నోట్సులో వేసి పెట్టిందే. ఆవిడ సంచి భుజానికి తగిలించుకుని దిగి, గెలల కొట్టు ముందుకి వెళ్ళి, బుల్లబ్బాయి నిలబడ్డట్టే చేతులు కట్టుకుని నిలబడింది.

"పంతులుగారండీ."

ఆయన తిరిగి చూశారు. కొట్టాయన కూడా చూశాడు.

"నాకో కోరికండి. ఈ బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళి, అక్కణ్ణించి విమానంలో పోయి అంకోర్‌వాట్ చూసి, బుధవారం వచ్చేస్తానండి. మళ్ళీ పదకొండేళ్ళకి గాని కుదరదు. మీరు కాదనకూడదు."

"ఆయ్," అన్నారు శివరామ్ గారు.

అనేశాక ఆయనే బిత్తరపోయారు. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచారు. కొట్టాయన వింటున్నాడు, సాలమోను వింటున్నాడు. జన్మలో ఆయ్ అన్నమాట వెనక్కి తీసుకున్న మనిషి కాదాయన.

"ఒక్కదానివీనా?"

"ఆయ్," అంది వేదవతి.

"వేదా, రాహుకాలం వచ్చేసింది..."

"నా ప్రయాణం ఆదివారమే మొదలైందండి. ముహూర్తం పెట్టింది మీరే."

శివరామ్ గారు సంచి ఆవిడ భుజం మీంచి తీసుకుని, బస్సు దాకా మోసి, మెట్టు మీద పెట్టారు. తన సంచిలోంచి అటుకుల పొట్లం, కందిపొడి తీసి కిటికీలోంచి అందించారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "జాగ్రత్తే" అన్నారు. ఆయన్ని అలా చూసి ఆవిడకి దిగిపోవాలనిపించింది. ఇంట్లో పాలు తోడు పెట్టడం కూడా రాదు ఆ మనిషికి.

బస్సు కదిలింది. సంతోషం వస్తుందనుకుంది, రాలేదు. ముందు కోపం వచ్చింది. ఇంత తేలికా? ఒక్కసారి ఎదురుగా నిలబడి అడిగితే సరిపోయేదా? మొగుణ్ణి అడగడానికి పరాయిదానిలా చేతులు కట్టుకోవాల్సి వచ్చిందే అని ఏడుపొచ్చింది. పోయిన ఇరవై నాలుగు వేసవులకీ కలిపి ఏడ్చింది. ఆ తర్వాత వచ్చింది భయం. గోదావరి వంతెన మీద బస్సు పోతుంటే సంచిని రెండు చేతులతో పొదివి పట్టుకుంది.

కండక్టరు వచ్చి ఆధార్ కార్డు చూపించమంటే కంగారులో పాస్‌పోర్టు తీసి ఇచ్చింది. "ఇది కాదమ్మా, ఆధార్. ఆడవాళ్ళకి టిక్కెట్టు ఊరికే కదా. ఎక్కడికి, ఎంతమంది?" అన్నాడతను.

ఇద్దరు అనబోయింది. అలవాటు మరి. పక్క సీటు వైపు చూసింది, అక్కడ అటుకుల పొట్లం ఉంది.

"విశాఖపట్నం. ఒక్కదాన్నేనండి," అంది.